తూటాలో గుండు లోతు

రైఫిల్ తూటాలోని ఇత్తడి కేసు మెడలోకి గుండును ఎంతవరకు దించి బిగించారన్న కొలతను గుండు లోతు అంటారు. ఫ్యాక్టరీలో తయారైన తూటాలో ఈ కొలత ముందే ఖరారై ఉంటుంది. ఒకసారి పేలిన కేసును శుభ్రంచేసి, సాగిన మెడను మళ్లీ సరైన కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల), తూచిన మందు, ఎంచుకున్న గుండు అమర్చి చేత్తోనే తూటా సిద్ధం చేసుకునే పద్ధతిని హ్యాండ్‌లోడింగ్ అంటారు. అందులో ఆ నిర్ణయం తయారుచేసే వ్యక్తిదే. వందల మీటర్ల దూరంలోని లక్ష్యం మీద గుండ్లన్నీ ఒకేచోట పడాలని కోరుకునే సూటి రైఫిల్ క్రీడలో మందు బరువు తర్వాత ఎక్కువగా చర్చకు వచ్చేది ఈ లోతే. దానికి ఆపాదించే మహిమలో కొంత భౌతికశాస్త్రమూ కొంత నమ్మకమూ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తేనే లోతును ఎలా ఎంచుకోవాలో తేలుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతానికి ఈ విషయంతో సంబంధం ప్రధానంగా చరిత్ర ద్వారా వచ్చింది. గుండు మందుకు ఎంత దగ్గరగా ఉండాలి, గొట్టంలో ఎంత బిగువుగా కూర్చోవాలి అన్న ప్రశ్నలు లోహపు తూటాతో పుట్టినవి కావు. మూతి నుంచి మందు పోసి గుండు దట్టించే తుపాకుల కాలంలో, ఈ ప్రాంతంలోనే జరిగిన బొబ్బిలి కోట ముట్టడిలోనూ పద్మనాభం పోరులోనూ, ప్రతి సిపాయీ ప్రతి కాల్పుకు ముందూ ఆ లోతును తన చేతి ఒడుపుతోనే నిర్ణయించుకునేవాడు.

మూతి నుంచి దట్టించే తుపాకులు

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద జరిగిన దాడిలో బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి పటాలాలు, వాటికి తోడుగా విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు సేనలు పాల్గొన్నాయి. తెల్లవారుతూనే ఫిరంగులతో బురుజులను కొట్టి గండ్లు పెట్టారనీ, ఆ గండ్ల దగ్గర ఎక్కివచ్చినవారిని కోటలోనివారు మళ్లీ మళ్లీ తిప్పికొట్టారనీ ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిపెట్టాడు. జనం నోట ఈ యుద్ధం బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి బాకుతో ముగుస్తుంది గాని, ఆ రోజు గెలుపోటములను తేల్చినవి మందూ గుండూ. మరో 37 ఏళ్లకు, 1794 జులై 10న, ఈస్టిండియా కంపెనీ సేనకూ చిన విజయరామరాజుకూ మధ్య విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమనున్న పద్మనాభం దగ్గర జరిగిన పోరు గంటలోపే ముగిసింది. రాజు అక్కడే నేలకొరిగాడు. ఈ రెండు సందర్భాల్లోనూ ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన సిపాయిల చేతుల్లో ఉన్నవి లోపల నునుపైన గొట్టం గల చెకుముకి తుపాకులు.

ఫ్రెంచి పటాలాల తుపాకీ గొట్టం లోపలి వ్యాసం సుమారు 17.5 మి.మీ., కంపెనీ సిపాయిలదైతే సుమారు 19 మి.మీ. ఉండేది. వాటిలో వేసే సీసపు గుండు అంతకంటే ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లు సన్నంగా ఉండేది. మందూ గుండూ కలిపి చుట్టిన కాగితపు పొట్లాన్ని సిపాయి పళ్లతో చింపి, చెకుముకి కింది పళ్లెంలో చిటికెడు మందు పోసి మూత వేసి, మిగతా మందును గొట్టం మూతిలో ఒంపి, గుండునూ పొట్లపు కాగితాన్నీ పైన పెట్టి, దట్టించే చువ్వతో అడుగుకంటా దించేవాడు. గుండు అంత వదులుగా ఉండడానికి కారణం తొందర ఒక్కటే కాదు. నల్లమందు, అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన పాత తుపాకిమందు, కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మసిలో పొటాషియం కార్బొనేటు ఉండడం వల్ల అది గాలిలోని తేమను పీల్చుకుని జిగురెక్కుతుంది. కళింగ తీరపు ఉప్పుగాలిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. పది పదిహేను కాల్పుల తర్వాత కూడా గుండు దిగాలంటే మొదటి కాల్పులో అది వదులుగా ఉండి తీరాలి. ఆ వదులే గురిని చెడగొట్టేది: గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుతూ పోయి, చివరగా ఏ వైపు తగిలిందో ఆ తగులును బట్టి దారి మార్చుకునేది. అందుకే వంద మీటర్లు దాటాక ఒక మనిషిని గురిపెట్టి కొట్టడం కంటే వరుసగా నిలబడ్డ దండు మీదికి అందరూ ఒక్కుమ్మడిగా కాల్చడమే ఆ కాలపు యుద్ధనీతి అయింది.

గురి సంగతి ఎలా ఉన్నా, లోతు విషయంలో ఆ తుపాకీ ఒక తప్పును క్షమించేది కాదు. గుండు మందు మీద ఆని కూర్చోకుండా గొట్టం మధ్యలో ఆగిపోతే, మందు అంటుకున్నప్పుడు వాయువులు ఖాళీ జాగాలో వేగం పుంజుకుని, కదలని గుండును అడ్డంకిగా గుద్దుకుంటాయి. అక్కడ పీడనం ఒక్కసారిగా పెరిగి గొట్టం ఉంగరంలా ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. దట్టించే చువ్వ మీద సరైన లోతుకు ఒక గీటు పెట్టుకుని, చువ్వ బయట మిగిలిన పొడవు ఆ గీటుకు సరిపోయిందో లేదో చూసుకోవడం మూతి నుంచి దట్టించే తుపాకులు వాడేవారి పాత జాగ్రత్త. ఆ గీటు పైకి ఉంటే గుండు పూర్తిగా దిగలేదని అర్థం, అసలు తుపాకీలో ముందటి మందు కాలకుండా ఉండి ఉండవచ్చునని కూడా అర్థం. తూర్పు కనుమల మన్యంలో చాలాకాలం కొనసాగిన నాటు తుపాకీ కూడా ఈ కోవదే. అందులో మందు మీద పీచో పేలికో కుక్కి, దాని మీద రవ్వలు పోసి, మళ్లీ పైన కుక్కుతారు. తూచిన మందు గాని, కొలత తెలిసిన గొట్టం గాని ఉండవు కాబట్టి, ఆ తుపాకీ ముందున్నవారికి ఎంత ప్రమాదమో పట్టుకున్నవారికీ అంతే ప్రమాదం.

గాడులు, గట్లు, తూటా

గొట్టం లోపల మెలితిరిగిన గాడులు చెక్కితే గుండు గిరగిర తిరుగుతూ బయటికి వచ్చి నిలకడగా పోతుందన్న సంగతి ఐరోపావారికి బొబ్బిలి యుద్ధానికి చాలాముందే తెలుసు. దున్నిన చేలో చాళ్ల మధ్య మట్టి మిగిలినట్టు, ఆ గాడుల మధ్య చెక్కకుండా మిగిలిన ఎత్తు భాగాలను ఇక్కడ గట్లు అందాం. లోతు గురించి మాట్లాడేటప్పుడు అన్ని కొలతలూ చివరికి ఈ గట్ల దగ్గరికే వస్తాయి. గుండు గాడులను పట్టాలంటే బిగువుగా ఉండాలి, బిగువుగా ఉంటే మూతి నుంచి దించడం కష్టం. ఈ చిక్కును ఫ్రెంచి సైనికాధికారి మినియే పేరుతో 1849 ప్రాంతంలో వచ్చిన గుండు విప్పింది. అడుగు బోలుగా ఉన్న ఆ పొడుగాటి గుండు వదులుగా దిగి, మందు పేలగానే అడుగు విచ్చుకుని గాడులను పట్టేది. అదే సూత్రం మీద నడిచిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కాగితపు పొట్లాలకు పూసిన కొవ్వు గురించి 1857లో రేగిన అలజడి అందరికీ తెలిసిందే.

వెనక నుంచి లోహపు తూటా పెట్టే రైఫిళ్లు పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో వచ్చాక గుండు లోతు మనిషి చేతిలోంచి ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. దీనివల్ల వచ్చిన మార్పు మన్యం చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడిచేసి తుపాకులతో పాటు తూటాలనూ పట్టుకుపోయింది. నాటు తుపాకీ అయితే మందు నూరుకుని, సీసం కరిగించి నడుపుకోవచ్చు. పోలీసు తుపాకీకి దాని కొలతకు సరిపోయే తూటా లేకపోతే అది ఇనుప కడ్డీయే. ప్రైమర్, కేసు, మందు, గుండు ఒకే కట్టుగా బిగిసిపోయాక తుపాకీ కంటే తూటా విలువైనదైంది. తూటాల సరఫరాను అదుపులో పెట్టుకుంటే చాలునని బ్రిటిష్ ప్రభుత్వం కూడా గ్రహించింది. సైన్యం వాడే .303 తూటాను పౌరులకు నిషేధించడం, దాని బదులు .315 వంటి వేరే కొలత రైఫిళ్లు లైసెన్సుదారుల చేతికి రావడం ఆ విధానపు ఫలితాలే. స్వాతంత్ర్యం తర్వాత కూడా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు .315 రైఫిళ్లను తయారుచేస్తూ వచ్చాయి.

ఫ్యాక్టరీకి వెళ్లిపోయిన గుండు లోతు నిర్ణయాన్ని హ్యాండ్‌లోడింగ్ తిరిగి షూటర్ చేతికి తెచ్చింది. అమెరికాలో ఫ్రాంక్లిన్ మాన్ అనే వైద్యుడు దశాబ్దాల పాటు ఒక్కో కారణాన్ని విడదీసి పరీక్షించి, గుండు మందు దగ్గర బయల్దేరినప్పటి నుంచి లక్ష్యం చేరేదాకా దాని నడకను వివరిస్తూ 1909లో ఒక పెద్ద పుస్తకం ప్రచురించాడు. గుండు గొట్టంలోకి ఎంత నిటారుగా ప్రవేశిస్తుందన్న ప్రశ్న ఆనాటి నుంచి సూటి రైఫిల్ పరిశోధనకు కేంద్రంగానే ఉంది.

లోతు మారితే ఏం మారుతుంది

రైఫిల్‌లో తూటా కూర్చునే అరను ఛాంబర్ అంటారు. ఛాంబర్ ముందు, గట్లు మొదలయ్యే లోపు, గుండు ఇరుకుగా పట్టేంత వ్యాసంతో ఒక నునుపైన చిన్న భాగం ఉంటుంది. దీన్ని గొంతు అంటారు. కేసు మెడలోంచి జారిన గుండు ఈ గొంతు దాటి గట్లను తాకేలోపు ప్రయాణించే దూరమే ఎడం. గుండును లోతుగా దించితే ఎడం పెరుగుతుంది, పైకి ఉంచితే తగ్గుతుంది, ఇంకా పైకి ఉంచితే తూటా ఛాంబర్‌లో పెట్టి, దాన్ని వెనక నుంచి మూసే బోల్టును బిగించినప్పుడే గుండు గట్లలోకి నొక్కుకుంటుంది. కాబట్టి లోతును ఎంచుకోవడం అంటే నిజానికి ఒకేసారి రెండింటిని ఎంచుకోవడం: కేసులో మందుకు మిగిలే జాగా, గట్లకూ గుండుకూ మధ్య ఎడం.

మొదటిదాని ప్రభావం లెక్క కట్టి చూడదగినది. .308 విన్‌చెస్టర్ అనే ప్రసిద్ధ తూటాలో గుండు వ్యాసం 7.82 మి.మీ.; దాన్ని ఒక మిల్లీమీటరు లోతుగా దించితే కేసులోపల సుమారు 48 ఘన మిల్లీమీటర్ల జాగా తగ్గుతుంది. కేసు మొత్తం జాగా సుమారు 3,600 ఘన మిల్లీమీటర్లు కాబట్టి ఇది నూటికి ఒకటిన్నర పాలు కూడా కాదు. అదే 9 మి.మీ. పిస్తోలు తూటాలో గుండు కింద మిగిలే జాగాయే అతి తక్కువ. అక్కడ ఒక మిల్లీమీటరు దించితే దాదాపు పదోవంతు తగ్గిపోయి పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. లోతుగా దించితే పీడనం పెరుగుతుందన్న హెచ్చరిక పిస్తోలుకు అక్షరాలా వర్తిస్తుంది, పెద్ద రైఫిల్ కేసుకు కొద్దిగానే వర్తిస్తుంది.

రైఫిల్‌లో పెద్ద ప్రమాదం అవతలి వైపు ఉంది. గుండు గట్లకు ఎడంగా ఉన్నప్పుడు అది కాస్త వేగం అందుకున్నాక గాడులను పట్టడం మొదలుపెడుతుంది; గట్లకు ఆని ఉన్నప్పుడు నిశ్చలస్థితి నుంచే గాడులను చీల్చుకుంటూ పోవాలి. అందువల్ల కాలుతున్న మందు తొలిక్షణాల్లోనే ఎక్కువ పీడనాన్ని పుట్టిస్తుంది. ఎడం ఉంచి పరీక్షించిన మందు బరువును అలాగే ఉంచి, గుండును గట్ల మీదికి తేవడం హ్యాండ్‌లోడింగ్‌లో తెలిసి చేయకూడని పనుల్లో ఒకటి. మందు తగ్గించి, మళ్లీ కింది నుంచి ఒక్కో మెట్టు ఎక్కాల్సిందే. రాయ్ వెదర్‌బీ ఇరవయ్యో శతాబ్ది మధ్యలో తన అతివేగపు రైఫిళ్లకు మామూలుకంటే చాలా పొడవైన గొంతు పెట్టడం వెనక ఉన్న ఆలోచన ఇదే: ఎడం పెంచి తొలి పీడనాన్ని అదుపు చేసి, ఎక్కువ మందు పట్టించడం. గట్లలోకి నొక్కుకున్న తూటాతో మరో ఇబ్బందీ ఉంది. కాల్చకుండా బోల్టు వెనక్కి లాగితే గుండు గొట్టంలోనే పట్టుకుపోయి, కేసు ఒక్కటే బయటికి వచ్చి, మందంతా రైఫిల్ లోపల ఒలికిపోవచ్చు. వేటకో పోటీ మధ్యలో ఆగడానికో వీలుండాల్సిన రైఫిల్‌కు ఇది పనికిరాదు.

గురి మీద ప్రభావం వచ్చేసరికి వివరణ అంత నిక్కచ్చిగా ఉండదు. ఎడం ఎక్కువైతే గుండు గొంతులో స్వల్పంగా పక్కకు ఒరిగి, ఆ ఒరుగుతోనే గాడులను పట్టవచ్చు. అలా పట్టిన గుండు బయటికి వచ్చాక తన అక్షం చుట్టూ సరిగా తిరగదు. మరో వాదన ప్రకారం లోతు మారితే పీడనం పెరిగే తీరు మారి, గుండు గొట్టంలో గడిపే కాలం కొద్దిగా మారుతుంది; పేలుడుకు కంపించే గొట్టపు మూతి ఏ స్థితిలో ఉండగా గుండు బయటపడుతుందన్నది దాన్నిబట్టి మారుతుంది. రెండూ నమ్మదగినవే గాని, ఒక ప్రత్యేక రైఫిల్‌కు ఏ ఎడం సరిపోతుందో ఈ రెంటిలో ఏదీ ముందుగా చెప్పలేదు.

గుండు ముక్కు ఆకారం మాత్రం కొంత ముందుచూపు ఇస్తుంది. ముక్కు వంపు గుండు పక్కభాగంలోకి నునుపుగా కలిసిపోయే రకాన్ని టాంజెంట్ రకమనీ, గాలిని సులువుగా చీల్చడానికి ముక్కును పొడవుగా సాగదీసి పక్కభాగంతో చిన్న కోణం ఏర్పడేలా చేసిన రకాన్ని సీకెంట్ రకమనీ అంటారు. మొదటి రకం గట్లను నెమ్మదిగా, నాలుగువైపులా సమంగా తాకి తానే నిటారుగా సర్దుకుంటుంది కాబట్టి ఎడం విషయంలో పెద్దగా పేచీ పెట్టదు. రెండో రకం గట్లను పొడుచుకున్నట్టు తాకుతుంది కాబట్టి దానికి సరైన ఎడం వెతకాల్సి వస్తుంది. సన్నని ముక్కు గుండ్లు ప్రచారంలోకి వచ్చిన తొలిరోజుల్లో వాటిని గట్లకు ఆనించే వాడాలన్న మాట గట్టిగా పాతుకుపోయింది. తర్వాత వాటి తయారీ సంస్థ బర్గర్ స్వయంగా 0.25 మి.మీ. నుంచి 3.3 మి.మీ. దాకా పెద్ద పెద్ద అంగలతో పరీక్షించి చూడమని సలహా ఇచ్చింది. చాలా రైఫిళ్లలో గట్లకు బాగా దూరంగా కూడా మంచి ఫలితం రావడమే దానికి కారణం. రెండు ఆకారాలను కలిపిన హైబ్రిడ్ గుండ్లు ఈ పేచీని తగ్గించడానికే పుట్టాయి.

కొలత ఎక్కడి నుంచి

లోతును నేరుగా కొలవడం కుదరదు, గుండు అడుగు కేసులోపల ఉంటుంది కాబట్టి. తూటా అడుగు నుంచి గుండు మొన దాకా మొత్తం పొడవు కొలవడం సులువే గాని, దానివల్ల సూటి రైఫిల్‌కు పెద్దగా ప్రయోజనం లేదు. బోలు మొన గుండ్ల ముక్కులు ఒకే పెట్టెలో కూడా ఒకదానికొకటి పొడవు తేడాగా ఉంటాయి. మొన గట్లను తాకదు, ముక్కు వంపు మీద ఒకచోట ఉన్న వలయం తాకుతుంది. అందుకే ఆ వలయం వ్యాసానికి దగ్గరి రంధ్రం ఉన్న చిన్న బిళ్లను, అంటే కంపారేటర్‌ను, వెర్నియర్ కాలిపర్ దవడకు బిగించి, తూటా అడుగు నుంచి ఆ వలయం దాకా ఉన్న పొడవునే కొలుస్తారు. మొత్తం పొడవుకు ఉన్న ఉపయోగం వేరు: తూటా మ్యాగజైన్‌లో, అంటే రైఫిల్‌కు తూటాలు అందించే పెట్టెలో, పడుతుందా లేదా అన్నది దానితోనే తేలుతుంది. .308 విన్‌చెస్టర్‌కు అంతర్జాతీయంగా ఒప్పుకున్న గరిష్ఠ పొడవు సుమారు 71 మి.మీ.; మ్యాగజైన్ వాడే రైఫిల్‌లో గట్లను అందుకోవాలన్న కోరిక తరచు ఈ పెట్టె గోడ దగ్గరే ఆగిపోతుంది.

గట్లు ఎక్కడ మొదలవుతాయో తెలుసుకోవడానికి అందరూ ఒప్పుకునే ఒక పద్ధతి చేతి స్పర్శ మీద ఆధారపడింది. బోల్టులోంచి ప్రైమర్‌ను కొట్టే సూదినీ దాని స్ప్రింగునూ, ఖాళీ కేసును బయటికి తోసే చిన్న స్ప్రింగునూ తీసేసి, ఆ రైఫిల్‌లోనే పేలి కొలతకు సరిచేసిన కేసులో మందూ ప్రైమర్ లేకుండా గుండు మాత్రం పొడవుగా అమర్చి ఛాంబర్‌లో పెడతారు. బోల్టు పిడిని వదిలితే అది కిందికి పడకుండా మధ్యలో ఆగుతుంది, గుండు గట్లకు తగులుతోంది కాబట్టి. గుండును అంగుళంలో వెయ్యోవంతు, అంటే 0.025 మి.మీ., చొప్పున దించుతూ మళ్లీ మళ్లీ పెడితే ఒకచోట పిడి తనంత తానే జారిపోతుంది. ఆ రెండు కొలతల మధ్యనే గట్ల మొదలు ఉంది. కేసు మెడను చీల్చి గుండు బిగువుగా జారేలా చేసి ఛాంబర్‌లోకి నెట్టే పాత పద్ధతీ, సన్నని చువ్వతో గుండును తోసే సాధనాలూ ఉన్నాయి. తోసే బలం మారితే కొలతా మారుతుందన్నది వాటి లోపం.

ఆ కొలత ఆ గుండుకూ ఆ రైఫిల్‌కూ ఆ రోజుకే చెల్లుతుంది. వేడి వాయువులకు గొంతు కాలి అరిగిపోతూ, గట్ల మొదలు ముందుకు జరుగుతూ పోతుంది. సన్నని గొట్టంలో ఎక్కువ మందు కాల్చే రైఫిళ్లలో ఇది కొన్ని వందల కాల్పుల్లోనే కాలిపర్‌కు అందుతుంది. జరిగిన గట్లను వెంబడిస్తూ గుండును పైకి జరపాలా, లేక మొదటి లోతునే ఉంచేయాలా అన్న విషయంలో అనుభవజ్ఞులు రెండు వర్గాలు. కొంచెం ఎడంతో బాగా పనిచేసే గుండును మొదటే ఎంచుకుంటే ఈ వెంబడింపు బెడద చాలావరకు ఉండదు.

కూర్చే పనిలోని నిలకడ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్రెస్సులో బిగించిన సీటింగ్ డై అనే అచ్చు గుండును ముక్కు వంపు మీద పట్టి కిందికి నొక్కుతుంది. అది మొనను పట్టేలా ఉంటే మొన తేడాలన్నీ లోతులోకి వచ్చేస్తాయి. కేసు మెడ గుండును పట్టే బిగువు ఒక్కో కేసుకు ఒక్కోలా ఉన్నా, మెడ గుండుతో ఒకే గీతలో లేకపోయినా, కాలిపర్ మీద అంకె సరిగ్గానే కనిపిస్తుంది గాని తూటా మాత్రం వేరే తూటా అవుతుంది. లోతుకు ఆపాదించే తేడాల్లో చాలా భాగం ఈ మెడ బిగువు నుంచి వచ్చినవేనన్న అనుమానం అసమంజసం కాదు.

ఎంపిక

మామూలు పద్ధతి ఇలా ఉంటుంది. ముందుగా గట్ల మొదలు కొలిచి, దానికి అర మిల్లీమీటరు ఎడంగా గుండును ఉంచి, ప్రచురిత పట్టికల్లోని తక్కువ మందు బరువు నుంచి మొదలుపెట్టి పీడనం మితిమీరుతున్న గుర్తులు ఉన్నాయేమో చూసుకుంటూ సరైన బరువు ఎంచుకుంటారు. తర్వాత మందును కదపకుండా, గుండును గట్లకు ఆనించకుండా, ఎడాన్ని మెట్లుమెట్లుగా మార్చి, ఒక్కో లోతుకు కొన్ని గుండ్లు కాల్చి, లక్ష్యం మీద వాటి గ్రూపును, అంటే అన్నిటికంటే దూరంగా పడిన రెండు గుండ్ల మధ్య దూరాన్ని, పోల్చి చూస్తారు. చిన్న గ్రూపు వచ్చిన లోతే రైఫిల్‌కు నచ్చిన లోతని ప్రకటించేస్తారు.

ఈ తీర్పులోనే మొత్తం వ్యవహారంలోని బలహీనత ఉంది. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఏమీ మార్చకుండా మూడేసి గుండ్లు చొప్పున కాల్చుకుంటూ పోతే, ఆ గ్రూపులు తమ సగటుకు మూడోవంతుకు పైగా అటూ ఇటూ ఊగడం మామూలు. పది గుండ్ల గ్రూపు సగటున మూడు గుండ్ల గ్రూపుకు ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. ఇది రైఫిల్ లోపం కాదు, లెక్కల స్వభావం. అలాంటప్పుడు పది లోతులకు మూడేసి గుండ్లు కాల్చి, అందులో ఒకటి మిగతావాటిలో సగమే ఉందని సంబరపడితే, దొరికింది లోతు కాదు, అదృష్టం. మర్నాడు అదే లోతుతో కాలిస్తే గ్రూపు మళ్లీ పెద్దదైపోతుంది. అప్పుడు గాలినో వేడినో తప్పుపట్టడం పరిపాటి. తేడా నిజమా కాదా తేలాలంటే ఒక్కో లోతుకు పది నుంచి ఇరవై గుండ్లు కాల్చాలి, పరీక్షించే లోతుల మధ్య అంగలు పెద్దగా ఉండాలి. అంత ఖర్చు పెట్టి చూసిన చోట తరచు కనిపించేది ఒక మంచి బిందువు కాదు, ఎంత కదిపినా పెద్దగా తేడా రాని ఒక వెడల్పైన పట్టీ. ఆ పట్టీ మధ్యలో లోతును నిలిపి, అన్ని తూటాలనూ ఒకేలా చేయడమే మేలు. అంగుళంలో వెయ్యోవంతుల వేట రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే, అత్యంత సూక్ష్మమైన బెంచ్‌రెస్ట్ పోటీల్లో తప్ప మరెక్కడా శ్రమకు తగ్గ ఫలం ఇవ్వదు. సీకెంట్ ముక్కు గుండ్లు మాత్రం ఈ మాటకు కొంత మినహాయింపు.

చట్టం, క్రీడ

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నియమాలు తుపాకులతో పాటు తూటాలనూ లైసెన్సు పరిధిలో ఉంచాయి. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. తుపాకిమందుకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం అదనంగా వర్తిస్తుంది. మన్యంలో నాటు తుపాకీకి ఊతమైన వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మూసేసింది. ఈ కారణాల వల్ల అమెరికాలో ఇంటి షెడ్డులో సాగే హ్యాండ్‌లోడింగ్ ఇక్కడ సామాన్య వ్యాపకం కాలేదు.

తెలుగునాట షూటింగ్ క్రీడ పెరిగిన దారి కూడా లోతును ఎంచుకునే అవసరం లేనిదే. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం నడిపే రైఫిల్ పోటీల్లో ఎక్కువమంది పాల్గొనేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల .22 రైఫిల్ విభాగాల్లో. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో; అందులో తూటాయే లేదు, 4.5 మి.మీ. సీసపు పెల్లెట్ గాలి ఒత్తిడితో పోతుంది. పెద్ద తూటాలు వాడే 300 మీటర్ల రైఫిల్ 1972 మ్యూనిక్ తర్వాత ఒలింపిక్స్ నుంచి తప్పుకుంది.

ఎన్‌సీసీ కేడెట్లు రేంజిలో తొలిసారి కాల్చేది కూడా .22 రైఫిలే. ఆ తూటాలో ప్రైమర్ మసాలా కేసు అంచు లోపలే పరిచి ఉంటుంది కాబట్టి, పేలిన కేసును మళ్లీ నింపే వీలు లేదు; గుండు మడమను కేసు నోట్లో నొక్కి బిగించేస్తారు కాబట్టి, లోతును మార్చే వీలూ లేదు. 50 మీటర్ల పోటీల్లో పైస్థాయి షూటర్లు ఈ ఇబ్బందిని మరోలా దాటుతారు. ఇంగ్లండులో ఎలీ, జర్మనీలో లాపువా నడిపే పరీక్షా కేంద్రాలకు తమ రైఫిల్‌ను తీసుకెళ్లి, బిగింపు మీద పెట్టి, ఒకే పేరున్న తూటాల్లో వేర్వేరు తయారీ దఫాలను వరుసగా కాల్పించి, తమ గొట్టానికి సరిపడిన దఫా దొరికితే దాన్నే వేల సంఖ్యలో కొని దాచుకుంటారు.